పేట బలమే రక్ష: నెల్లూరు తీరంలో మనుషుల అక్రమ రవాణా నివారణ

(వెన్నెలకంటి రాఘవయ్య స్మారకోపన్యాస పాఠం)

1. స్మరణ

నెల్లూరు జిల్లా సామాజిక చరిత్రలో వెన్నెలకంటి రాఘవయ్య (1897–1981) పేరును యానాది గిరిజనుల పేరు నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని, శాసనసభలో పనిచేసి, జీవితంలో అధిక భాగాన్ని ఆదిమజాతుల సేవకు వెచ్చించిన ఆయన 1962లో యానాదుల జీవితంపై ఒక సమగ్ర గ్రంథాన్ని ప్రచురించారు. 1973లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. పుట్టుకనే నేరంగా పరిగణించి కొన్ని జాతుల మనుషుల వేలిముద్రలు తీసుకున్న, వారిని వేళకు హాజరు చెప్పించిన, ఊరు దాటాలంటే అనుమతి అడిగించిన నేరస్థ జాతుల చట్టాన్ని వ్యతిరేకించి పోరాడినవారిలో ఆయన ముఖ్యులు. 1871లో మొదలైన ఆ చట్టం దేశమంతటా రద్దయినది 1952 ఆగస్టు 31న.

మనుషుల అక్రమ రవాణా గురించి ఆయన స్మృతిలో చర్చించడానికి తగిన కారణం ఉంది. ఒకప్పుడు ప్రభుత్వం అనుమానంతో కాపలా కాసిన కుటుంబాల వారసులే నేడు అడ్వాన్సుల పేరుతో, దొంగ వీసాల పేరుతో, పెళ్ళిళ్ళ పేరుతో మోసపోయే ప్రమాదానికి ఎక్కువగా గురవుతున్నారు. వారిని రక్షించాలన్న తపన న్యాయమైనదే అయినా, ఆ రక్షణ ఎవరి చేతిలో ఉండాలి, ఏ రూపంలో ఉండాలి అన్న ప్రశ్నకు సమాధానం చెప్పకుండా చేపట్టే ఏ కార్యక్రమమైనా పాత కాపలాకు కొత్త రూపంగా మారే అవకాశం ఉంది. పేదల పేటలు తమంతట తాము బలపడినప్పుడే అక్రమ రవాణా ఆగుతుందనీ, ఆ బలాన్ని సమకూర్చుకునే మార్గం నెల్లూరు చరిత్రలోనే ఉందనీ చూపడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

2. నిర్వచనం, చట్టం

అక్రమ రవాణా అన్న మాట వినగానే సరిహద్దులు దాటించడం, ఎత్తుకుపోవడం వంటివి స్ఫురిస్తాయి గాని, చట్టం దృష్టిలో దాని అర్థం ఇంతకంటె విశాలమైనది. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన, భారతదేశం 2011లో ధ్రువీకరించిన పాలెర్మో ఒడంబడిక ప్రకారం ఈ నేరానికి మూడు అంగాలున్నాయి. మనిషిని చేర్చుకోవడం, తరలించడం, ఆశ్రయమివ్వడం వంటి చర్య మొదటిది. బెదిరింపు, మోసం, నిస్సహాయతను ఆసరా చేసుకోవడం వంటి పద్ధతి రెండవది. లైంగిక దోపిడి, వెట్టి, బానిసత్వం వంటి దోపిడి లక్ష్యం మూడవది. బాధితులు 18 ఏళ్లలోపు వారైతే రెండవ అంగాన్ని నిరూపించవలసిన పని లేదు. 2013లో భారత శిక్షాస్మృతి 370వ సెక్షనులో చేరిన ఈ భావనే, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షనులో కొనసాగుతున్నది. బాధితుల సమ్మతి నేరాన్ని మాఫీ చేయదని కూడా చట్టం స్పష్టంగా చెబుతున్నది.

భారత రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ, వెట్టినీ, ఇతర నిర్బంధ శ్రమ రూపాలనూ ఒకే వాక్యంలో నిషేధించింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల విషయంలో 1982లో తీర్పు చెబుతూ, ఆకలి వల్ల కనీస వేతనం కంటె తక్కువకు పనిచేయవలసి రావడం కూడా నిర్బంధ శ్రమే అవుతుందని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. సంకెళ్లు లేనంత మాత్రాన స్వేచ్ఛ ఉన్నట్టు కాదన్న ఈ న్యాయసూత్రం నెల్లూరు తీరానికి అక్షరాలా వర్తిస్తుంది. ఎందుకంటే ఇక్కడ మనిషిని కట్టిపడేసేది గొలుసు కాదు, అప్పు.

3. తీరం, పేటలు

2011 జనాభా లెక్కల ప్రకారం నెల్లూరు జిల్లాలో దాదాపు పదింట ఒకవంతు జనం షెడ్యూల్డు తెగలవారు. వారిలో అత్యధికులు యానాదులు. వాగుల్లో, కయ్యల్లో చేపలు పట్టడం, పొలాల్లో ఎలుకలు పట్టడం, అడవిలో మూలికలు సేకరించడం వంటి పనులతో బతికిన ఈ ప్రజలకు సొంత భూమి చాలా తక్కువ. 1960ల చివర రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవిని సేకరించినప్పుడు అక్కడి యానాది కుటుంబాలు అడవి ఆధారంగా సాగిన జీవనం నుంచి కూలి బతుకులోకి మారవలసి వచ్చింది. 1990ల ఆరంభంలో తీరం పొడవునా వ్యాపించిన రొయ్యల సాగు ఉమ్మడి నేలలను, వాగులను గుంటలుగా మార్చి, వాటిలో చేపలు పట్టుకున్నవారినే వాటికి కాపలాదారులుగా చేసింది. తీరంలోని రొయ్యల సాగు వల్ల కలిగిన నష్టాన్ని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గుర్తించిన తర్వాత కూడా, పోయిన ఉమ్మడి వనరులు పేదలకు తిరిగి దక్కలేదు. 2008లో కృష్ణపట్నం ఓడరేవు ఆధునిక రూపంలో పనిచేయడం మొదలుపెట్టిన తర్వాత రోడ్లు, గిడ్డంగులు, పరిశ్రమలు పెరిగి, వాటితోపాటు రోజుకూలీ కోసం వచ్చేవారి సంఖ్యా పెరిగింది.

ఇలా వచ్చినవారిలో అనేకులు నెల్లూరు నగరంలోని పెన్నా ఒడ్డు పేటలకు చేరారు. వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ వంటి చోట్ల 2021 నవంబరు పెన్నా వరద ఇళ్లలోకి ప్రవేశించినప్పుడు సామానుతోపాటు గుర్తింపు పత్రాలు, బడి పుస్తకాలు, పనిముట్లు కూడా నీటిపాలయ్యే దుస్థితి ఎదురైంది. విపత్తు వచ్చిన తర్వాతి నెలలే అక్రమ రవాణాకు అనువైన కాలమన్నది ప్రపంచమంతటా కనిపించిన అనుభవం. చేతిలో డబ్బు లేక, తల దాచుకోవడానికి పైకప్పు లేక, పిల్లలను బడికి పంపే స్థితి లేక ఉన్న కుటుంబానికి అడ్వాన్సు ఇస్తానని వచ్చే, కూలీలను కుదిర్చే మేస్త్రీ ఆపద్బంధువుగా కనిపిస్తాడు. 2004 డిసెంబరు 26 సునామీ నెల్లూరు తీరపు పట్టపు మత్స్యకారుల పాలేలను తాకిన తర్వాత కూడా ఆందోళన కలిగించినది ఈ ప్రమాదమే.

4. మోసం నడిచే దారులు

మొదటి దారి అడ్వాన్సు. ఇటుక బట్టీకి, సరుగుడు నరికే పనికి, బాతుల మేపుకు, రొయ్యల గుంటల కాపలాకు కుటుంబాన్ని తీసుకుపోయే మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము ఇస్తాడు. కూలి లెక్క యజమాని పుస్తకంలోనే ఉంటుంది. తిండి గింజలు, మందులు, పండుగ ఖర్చు అప్పుకు కలుస్తాయి. పని ముగిసేసరికి అప్పు తీరకపోగా పెరుగుతుంది. భార్యాబిడ్డలు కూడా పనిచేస్తారు గాని, వారి పేర లెక్క ఉండదు. 1976 వెట్టి కార్మిక వ్యవస్థ నిర్మూలన చట్టం ఈ అప్పులను రద్దుచేయడమే కాక, అది వెట్టి అప్పు కాదని నిరూపించే బాధ్యతను 15వ సెక్షను ద్వారా అప్పు ఇచ్చినవారి మీదనే పెట్టింది. ఈ ఒక్క నిబంధన ప్రతి గిరిజన కాలనీలో తెలిసి ఉంటే బేరం తీరు మారిపోతుంది. ఎందుకంటే తీసుకున్న అడ్వాన్సు తీర్చకుండా వెళ్లిపోవడం తమ తప్పేనని బాధితులు నమ్మినంతకాలం వారిని ఆపి ఉంచడానికి కాపలా మనిషి అవసరం ఉండదు.

రెండవ దారి గల్ఫ్. కడప, చిత్తూరు, నెల్లూరు, గోదావరి జిల్లాల నుంచి కువైట్ తదితర దేశాలకు ఖద్దామాలుగా, అంటే ఇంటిపని మనుషులుగా, స్త్రీలు వెళ్లడం దశాబ్దాలుగా సాగుతున్నది. పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ దేశాల్లో ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద ముందస్తు అనుమతి పొందాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. ప్రభుత్వ సంస్థల ద్వారానే నియామకం జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బాధ్యత ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థది. అయితే ఈ కట్టుబాట్లను తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తారు. అక్కడికి చేరిన తర్వాత ఒప్పందం నమోదై ఉండదు, బీమా ఉండదు, పాస్‌పోర్టు కఫీల్ చేతిలో ఉంటుంది. కఫీల్ అంటే వీసాకు పూచీపడిన యజమాని. అతని అనుమతి లేకుండా వేరే పనికి మారడం కార్మికురాలికి నేరమయ్యే ప్రమాదం ఉంది. రక్షణ కోసం పెట్టిన వయోపరిమితి, ఇంట్లో అవసరం తీవ్రంగా ఉన్న 25 ఏళ్ల స్త్రీని చాటుదారికి నెట్టగలదన్న వాస్తవాన్ని విధానకర్తలు గుర్తించవలసి ఉంది.

మూడవ దారి బాలికలది. ఇంటిపని, చదువు, పెళ్ళి, సినిమా అవకాశం వంటి మాటలతో నగరాలకు తీసుకుపోయి లైంగిక వ్యాపారంలోకి దింపడం ఈ దారిలో జరిగే ఘోరం. తీసుకుపోయేవారు అపరిచితులే కానవసరం లేదు. చాలా సందర్భాల్లో వారు బంధువులు, ఇరుగుపొరుగులు, అంతకుముందు ఇదే దారిలో వెళ్లి వచ్చినవారు. ఇటీవలి కాలంలో నాలుగవ దారి కూడా తెరుచుకున్నది. కంప్యూటర్ ఉద్యోగమని నమ్మించి కంబోడియాకు తరలించి, సైబర్ మోసాలు చేయించిన ముఠాలను 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. నిరక్షరాస్యులే మోసపోతారన్న అభిప్రాయం తప్పని, ఉద్యోగం లేని పట్టభద్రుడి నిస్సహాయత కూడా నేరస్థులకు ముడిసరుకేనని ఆ ఉదంతం రుజువు చేసింది.

ఈ నాలుగు దారులకూ ఉమ్మడి లక్షణం ఒకటుంది. పేటలో ఎవరికి ఎంత అప్పుందో, ఎవరి ఇంట్లో జబ్బుమనిషి ఉన్నారో, ఏ పిల్ల బడి మానేసిందో ఏజెంటుకు తెలుసు. అదే సమాచారం ప్రభుత్వ కార్యాలయానికి చేరేసరికి కుటుంబం ఊరు దాటిపోతుంది. అందువల్ల నివారణ అనే పని తనిఖీ కేంద్రంలోనో రైల్వే స్టేషనులోనో కాక, అప్పు పుట్టిన వీధిలోనే మొదలు కావాలి.

5. రెండు సంప్రదాయాలు

పేదల పేటల మీద దృష్టి పెట్టిన సంప్రదాయాలు నెల్లూరు జిల్లాలో రెండున్నాయి. నేరస్థ జాతుల చట్టం కింద కావలి పరిసరాల్లో, కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంట్లు ఏర్పాటయ్యాయి. సెటిల్‌మెంటు అంటే నమోదైన కుటుంబాలను ఒకచోట ఉంచి, పని చెప్పి, కదలికలను అదుపుచేసే ఏర్పాటు. సంస్కరణ పేరుతో, మిషనరీల నిర్వహణలో నడిచిన ఆ వ్యవస్థలో బడి ఉండవచ్చు, వైద్యం ఉండవచ్చు. కాని ఎక్కడికి వెళ్లాలో, ఎవరి దగ్గర పనిచేయాలో నిర్ణయించుకునే హక్కు లేదు. మేలు చేయాలన్న సంకల్పం ఉన్నప్పటికీ మనిషి కదలికను అనుమానంగా చూడటం మొదటి సంప్రదాయం.

రెండవది దూబగుంట సంప్రదాయం. 1991లో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు చేరిన స్త్రీలు అక్షరాలతోపాటు తమ బతుకులను కూడా చర్చించుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించిన స్త్రీల కథ అక్షరాస్యతా వాచకంలో పాఠమై, ఊరూరా చదవబడి, 1992లో సారా వ్యతిరేక ఉద్యమంగా విస్తరించింది. వర్ధినేని రోశమ్మ దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటికీ తెలిశారు. స్త్రీలు సారా పాటలను, అంటే అమ్మకపు హక్కుల వేలాన్ని, నెల్లూరులో మళ్లీమళ్లీ అడ్డుకోగా, 1993లో మొదట ఆ జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. సారాకు పోయే డబ్బులోంచి రోజుకొక రూపాయి దాచుకుందామన్న ఆలోచన పొదుపులక్ష్మి సంఘాలకు దారితీసింది. తర్వాతి కాలంలో రాష్ట్రంలో పెరిగిన స్వయం సహాయక సంఘాల వ్యవస్థకు బలమైన పునాదుల్లో అది ఒకటి.

దూబగుంట నేర్పిన పాఠం మద్యానికి మాత్రమే పరిమితం కాదు. లాభసాటి వ్యాపారం, దాని వెనుక ధనబలం, దానికి ప్రభుత్వ ఆదాయపు అండ ఉన్నప్పటికీ, ఆ వ్యాపారం చేరవలసిన చివరి వీధిలో స్త్రీలు కలిసికట్టుగా నిలబడితే అది ఆగిపోతుందని ఆ ఉద్యమం నిరూపించింది. స్త్రీలు ఎవరి హాజరూ తీసుకోలేదు, ఎవరి వేలిముద్రా వేయించలేదు. చదువు, చర్చ, పొదుపు, సమష్టి చర్య అనే నాలుగింటి కలయికతో తమ వీధిని తామే కాపాడుకున్నారు. అయితే తర్వాత వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించిన తీరు మరొక హెచ్చరిక కూడా ఇస్తున్నది: ఉద్యమం సాధించిన విజయాన్ని పాలన నిలబెట్టకపోతే అది కరిగిపోతుంది.

6. పేట చేయగల పనులు

పట్టణాల్లో ఈ పనికి కావలసిన నిర్మాణం కొంతవరకు సిద్ధంగానే ఉంది. 2007లో ఏర్పడిన మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, పొదుపు సంఘాలను పేటస్థాయి సమాఖ్యలుగా కలిపింది; సంఘాల లెక్కలు చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) సాధారణంగా అదే పేట స్త్రీ. 2019 అక్టోబరు 2 నుంచి ఏర్పడిన వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శి ఉన్నారు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ప్రతి ఇంటి గడపా ఎరిగినవారు. వీరందరి పనీ ఒక లక్ష్యం చుట్టూ చేరడమే మిగిలింది.

మొదటి పని అప్పు. జబ్బు, చావు, వరద వంటి ఆపదలో మరునాడే చేతికందే చిన్న రుణం సంఘంలో దొరకకపోతే ఆ ఖాళీని మేస్త్రీ నింపుతాడు. వారంవారం వసూలు చేసే సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడి ఎంత ప్రాణాంతకమో 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిన పరిస్థితులే చెప్పాయి. కాబట్టి ప్రతి సమాఖ్యలోనూ ఆపద నిధి వేరుగా ఉండాలి. పొదుపు సంఘాల్లో చేరలేని అతి పేద కుటుంబాలకు, ముఖ్యంగా తరచు వలసపోయే యానాదులకు, అందులో మొదటి వాటా ఉండాలి.

రెండవ పని పత్రాలు. పుట్టిన 21 రోజుల్లో నమోదు కాని బిడ్డకు ఏడాది దాటిన తర్వాత పత్రం కావాలంటే అధికారి ఉత్తర్వు అవసరమవుతుంది; ఇళ్లలో కాన్పులు, వలసలు ఉన్న కుటుంబాల్లో ఈ లోపం సహజం. వయస్సు రుజువు లేని బాలికను పెద్దదిగా చూపడం సులువు; కులధ్రువీకరణ లేని పిల్లవాడికి గిరిజన సంక్షేమ వసతిగృహంలో చోటు దొరకదు. వరద తర్వాత నెలలోపే పత్రాల పునరుద్ధరణ శిబిరం నడపడం నివారణ చర్యల్లో అతి చౌకైనది, అతి ఫలవంతమైనది.

మూడవ పని బడి. హైదరాబాదులో మెహబూబ్ కీ మెహందీ వ్యభిచార వాడను 1996లో ఖాళీ చేయించిన తర్వాత, ఆ స్త్రీల పిల్లల కోసం సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ మొదలుపెట్టిన బడి నుంచే ప్రజ్వల సంస్థ ఎదిగింది. తల్లి నుంచి బిడ్డకు సంక్రమించే దోపిడిని తరగతి గదిలో ఆపవచ్చునన్నది దాని మూల విశ్వాసం. నెల్లూరులో అంతకు చాలా ముందే, 1923లో, పొణకా కనకమ్మ స్థాపించిన కస్తూరిదేవి విద్యాలయం బాలికల చదువును స్వాతంత్ర్యానికి పునాదిగా భావించింది. ఆ స్ఫూర్తితో, తల్లిదండ్రులు బట్టీలకు వెళ్లే నెలల్లో పిల్లలు పేటలోనే ఉండి చదివే వసతి ఏర్పడాలి. వరుసగా కొన్ని రోజులు బడికి రాని పిల్లవాడి గురించి ఉపాధ్యాయుడు అడిగే మొదటి ప్రశ్న ఆర్పీకి, అంగన్‌వాడీకి అదే వారం చేరాలి. తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ పోలీసులు కేసు నమోదు చేసి తీరాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించిన సంగతి, బాలల సహాయ నంబరు 1098 ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి.

నాలుగవ పని వలస సమాచారం. వెళ్లేవారు తమ ఇష్టంతో సంఘం దగ్గర ఉంచుకునే ఒక చీటీ చాలు: వెళ్లే ఊరు, యజమాని లేదా ఏజెంటు పేరు, ఫోన్ నంబరు, తీసుకున్న అడ్వాన్సు, తిరిగివచ్చే నెల. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థలో చూసి చెప్పే పని సచివాలయానిది. ఈ చీటీ పోలీసు రికార్డు కాకూడదు; దానిపై హక్కు వెళ్లే మనిషిది, వారి కుటుంబానిది. అనుకున్న నెలలో ఫోను రాకపోతే ఎవరిని అడగాలో తెలిసి ఉండటమే దాని ప్రయోజనం.

అయిదవ పని తిరిగి వచ్చినవారిని నిలబెట్టడం. 2016 కేంద్ర పథకం ప్రకారం వెట్టి నుంచి విముక్తి పొందిన పురుషుడికి లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, అక్రమ రవాణా వంటి తీవ్ర సందర్భాల్లో మూడు లక్షల రూపాయల సాయం ఉంది. కాని ఆ సాయం విముక్తి పత్రంతో, చాలా భాగం కేసులో శిక్ష పడటంతో ముడిపడి ఉన్నందువల్ల, ఏళ్ల తరబడి నడిచే కేసు ముగిసేలోపు కుటుంబం మళ్లీ అదే మేస్త్రీ దగ్గర చేయి చాచే దుర్గతి పడుతుంది. పునరావాసం లేని విముక్తి నిష్ఫలమని సుప్రీంకోర్టు 1984లోనే హెచ్చరించింది. అందువల్ల తక్షణ సహాయం అందేదాకా కలెక్టరు అధ్యక్షతన పనిచేయవలసిన విజిలెన్స్ కమిటీ వెంటపడటం, లైంగిక దోపిడి నుంచి బయటపడి వచ్చిన స్త్రీని వెలివేయకుండా సంఘంలో సభ్యురాలిగా చేర్చుకోవడం పేట బాధ్యతలు.

7. హద్దులు, జాగ్రత్తలు

పేట అంటే సమానుల సమూహమని ఊహించడం పొరపాటు. అక్కడా కులముంది, మగపెత్తనముంది, అప్పులిచ్చేవారు ఉన్నారు; కొన్నిసార్లు మేస్త్రీ సంఘ నాయకురాలి బంధువే కావచ్చు. అక్రమ రవాణా నివారణకు 2007లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం ఊళ్లలో, బస్తీల్లో నిఘా బృందాలను ప్రతిపాదించింది. అటువంటి బృందాలు బాలికల ప్రేమలను, ఒంటరి స్త్రీల రాకపోకలను తనిఖీ చేసే బృందాలుగా దిగజారితే, ఇంటి హింస నుంచి తప్పించుకోవాలనుకునే అమ్మాయి మొదట భయపడేది వారికే. అప్పుడు ఆమె నమ్మే ఒకే మనిషి ఏజెంటు అవుతాడు. అందువల్ల కమిటీలో యానాది, దళిత, మైనారిటీ స్త్రీలకు, వలసపోయి వచ్చినవారికి, దోపిడి నుంచి బయటపడినవారికి నిర్ణయాధికారం ఉండాలి.

మరో జాగ్రత్త వలస హక్కు విషయంలో. మెరుగైన కూలి కోసం కువైట్‌కో చెన్నైకో వెళ్లాలనుకునే స్త్రీని ఆపడం నివారణ కాదు. ఆమె నిజమైన ఒప్పందంతో, తన పాస్‌పోర్టు తన చేతిలో ఉంచుకుని, వచ్చే దారి తెరిచి ఉండగా వెళ్లగలగడమే నివారణ. అలాగే ఈ కృషి పేరుతో ప్రభుత్వం తన బాధ్యతను పేదల భుజాల మీదికి జరపకూడదు. కనీస వేతనాల అమలు, బట్టీల తనిఖీ, నేరస్థులకు శిక్ష, నదిఒడ్డు కుటుంబాలకు భద్రమైన ఇంటిస్థలం ప్రభుత్వమే నెరవేర్చవలసినవి. ఈ పనుల్లో ప్రభుత్వం వెనుకబడినప్పుడు నిలదీయగల శక్తిని పేట సంపాదించుకోవడమే సామాజిక అభివృద్ధికి అసలైన అర్థం.

8. ముగింపు

రాఘవయ్య తరం సాధించినది యానాదులు స్వేచ్ఛగా తిరిగే హక్కు. ఆ హక్కును దోపిడీదారులు తమకు అనుకూలంగా వాడుకుంటున్న ఈ కాలంలో, దానిని మళ్లీ కుదించకుండానే మనుషులను కాపాడుకోవడం తర్వాతి తరాల కర్తవ్యం. నెల్లూరు నగరపాలక సంస్థ 54 డివిజన్లలో కనీసం పెన్నా ఒడ్డు పేటలతో, తీరంలోని గిరిజన కాలనీలతో ఈ అయిదు పనులను ఒకేసారి మొదలుపెట్టి, ఆపద నిధి నుంచి ఎందరు రుణం పొందారో, ఎన్ని పత్రాలు తిరిగి వచ్చాయో, ఎందరు పిల్లలు బడిలో నిలిచారో, ఎన్ని విముక్తి పత్రాలు జారీ అయ్యాయో ఏటా పేట సభలోనే చదివి వినిపించాలి. దాడులు, అరెస్టుల సంఖ్యతో పాటు ఈ లెక్కలను కూడా అక్రమ రవాణా నివారణకు కొలమానాలుగా జిల్లా యంత్రాంగం స్వీకరించాలి. సారా పాటలను ఆపిన జిల్లాకు మనుషుల బేరాన్ని ఆపే శక్తి ఉంది. ఆ శక్తికి నిధులు, అధికారం, గౌరవం సమకూర్చే నిర్ణయం ఇప్పుడు పాలకులూ పౌరసమాజమూ కలిసి తీసుకోవలసినది.